గాంధీ లేని ‘కుల నిర్మూలన’

పుస్తకంలో గాంధీ వ్యాసాలు ఉంటే అది మొదటి ముద్రణ కాదు. అంబేద్కర్ ‘యానిహిలేషన్ ఆఫ్ కాస్ట్’ విషయంలో ఇంతకంటే తేలికైన గుర్తు ఇంకొకటి లేదు. ఈమధ్య పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన ఈ పుస్తకాన్ని ‘ఫస్ట్ ఎడిషన్, వెరీ రేర్’ అని పెట్టి, మామూలు జీతగాడు తలెత్తి చూడలేని ధర వేశాడు. ఫొటో పెద్దది చేసి చూస్తే విషయసూచికలో అనుబంధాల దగ్గర మహాత్మా గాంధీ పేరు స్పష్టంగా కనిపిస్తోంది. అయ్యా, ఇది 1936 ప్రతి కాదు, గాంధీ వ్యాసాలు ఇందులో చేరింది 1937లో, దయచేసి సరిచేయండి అని మెసేజ్ పెట్టాను. జవాబూ రాలేదు, ధరా మారలేదు.

కొనేవాడికి డబ్బు నష్టం ఒక్కటే అయితే దీని గురించి ఇంత రాసేవాణ్ని కాదు. 1936లో బయటికొచ్చిన పుస్తకం, ఇవాళ మనం చదివే పుస్తకం ఒకటి కావు. అక్షరాలు చాలావరకు అవే, కానీ చదివేవాడి మనసులో పడే ముద్ర వేరు. ఆ తేడా ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదనే నా బాధ.

మొదటి నుంచి చెబుతాను. 1935 అక్టోబర్ 13న నాసిక్ జిల్లా యేవలాలో జరిగిన సభలో అంబేద్కర్, హిందువుగా పుట్టడం నా చేతిలో లేదు గానీ హిందువుగా చావను అని ప్రకటించారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 12న, లాహోర్ నుంచి ఆయనకో ఉత్తరం అందింది. రాసింది జాత్-పాత్ తోడక్ మండల్ కార్యదర్శి సంత్ రామ్. కులాన్ని పగలగొట్టాలని 1922లో పెట్టుకున్న సంఘం అది. అందులో ఎక్కువమంది ఆర్యసమాజం వైపు నుంచి వచ్చిన సవర్ణ హిందువులు. సంత్ రామ్ మాత్రం కుమ్మరి కులంలో పుట్టినవాడు. మా వార్షిక మహాసభకు మీరే అధ్యక్షత వహించాలి అని అడిగాడు.

ఆ ఉత్తరంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. కులానికి పునాదిగా ఉన్న మత భావనల్ని నిర్మూలించకుండా కులాన్ని విరగ్గొట్టడం సాధ్యం కాదు అని అంబేద్కర్ చెప్పిన కొత్త సూత్రం తమను బాగా ఆకట్టుకుందనీ, దాన్ని కాస్త వివరంగా చెబితే సంతోషిస్తామనీ రాశాడు. అంటే ఆ ప్రసంగానికి విషయం ఇచ్చింది వాళ్లే. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆరు నెలలు గడవకముందే ఆ వివరణే వాళ్లకు మింగుడుపడలేదు.

అంబేద్కర్ వెంటనే ఒప్పుకోలేదు. సవర్ణులు నడిపే సంస్కరణ ఉద్యమాలతో కలిసి పనిచేయడం ఆయనకు ఇష్టం లేదు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. మండల్ వదల్లేదు, మనిషిని బొంబాయి పంపి మరీ ఒప్పించింది. ఈలోగా లాహోర్‌లో సెగ మొదలైంది. భాయి పరమానంద్, మహాత్మా హంస్ రాజ్, అప్పుడు పంజాబ్‌లో మంత్రిగా ఉన్న గోకుల్ చంద్ నారంగ్, రాజా నరేంద్ర నాథ్ లాంటి పెద్దలు ఆహ్వాన సంఘం నుంచి తప్పుకున్నారు. పేరు కులాన్ని తెంచే సంఘం, అధ్యక్షుడు మాత్రం అంటరానివాడు కాకూడదు. ఈ పేర్లన్నీ అంబేద్కర్ తన ముందుమాటలో రాసిపెట్టారు.

ఆ తర్వాత నడిచిన ఉత్తరాలు చదువుతుంటే నాకు ప్రతిసారీ కడుపులో దేవినట్టు ఉంటుంది. మండల్ తరఫున హర్ భగవాన్ అనే ఆయన బొంబాయి వచ్చి, ప్రసంగం రాతప్రతిలో సిద్ధమైన భాగం పట్టుకుని వెళ్లాడు. 1936 ఏప్రిల్ 14న లాహోర్ నుంచి రాసిన ఉత్తరంలో, రైల్లో అయిదారు రాత్రుళ్లు నిద్ర లేక ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నాడు. అంబేద్కర్ అమృత్‌సర్ వచ్చారని తెలిసిందనీ, ఒంట్లో బాగుంటే వచ్చి కలిసేవాణ్ననీ రాశాడు. ప్రసంగం సంత్ రామ్‌కు చాలా నచ్చిందనీ, హిందువుల్ని నిద్రలేపుతుందనీ మెచ్చుకున్నాడు. దాంతోపాటు మెల్లగా ఒక కోరిక కోరాడు. కొంతమంది మిత్రులు ఇబ్బంది పడుతున్నారు, కనీసం ‘వేదం’ అనే ఆ ఒక్క మాట ప్రస్తుతానికి తీసేస్తే బాగుంటుంది, మీ విజ్ఞతకే వదిలేస్తున్నాం అని. అదే ఉత్తరంలో వెయ్యి ప్రతులు కావాలని అడిగి, 100 రూపాయల చెక్కు జతచేశాడు.

ఆ మనిషిని నేను చెడ్డవాడు అనుకోను. చెక్కు పంపాడు, మర్యాదగా రాశాడు, సభ గొడవ లేకుండా జరగాలని ఆశపడ్డాడు. కానీ ప్రసంగం రెండో భాగం అందాక ఏప్రిల్ 22న రాసిన ఉత్తరంలో గొంతు మారిపోయింది. ఇంత పొడుగైతే ఎవరు చదువుతారు, వేదాల నీతినీ హేతుబద్ధతనీ అనవసరంగా విమర్శించారు, హిందువుగా ఇదే నా ఆఖరి ప్రసంగం అని ఒకటికి రెండుసార్లు అన్నారు, కొన్ని భాగాలు అసలు విషయానికే సంబంధం లేనివి అని వరసపెట్టాడు. ఏ సూత్రాన్ని వివరించమని అడిగారో, ఆ వివరణే వాళ్లకు విషయానికి సంబంధం లేనిదైపోయింది.

ఏప్రిల్ 27న అంబేద్కర్ రాసిన జవాబులో మెత్తదనం లేదు, అరుపూ లేదు. కామా కూడా మార్చను అని బొంబాయిలోనే మీకు చెప్పాను, నా ప్రసంగం మీద ఎవరి కత్తెరనూ ఒప్పుకోను అన్నారు. ఇప్పుడు మీరు దీన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నా సరే అధ్యక్షత వహించను అని తేల్చేశారు. చివర్లో, ఈ శ్రమ వల్ల ఇంకెవరికీ లాభం లేకపోయినా నాకు మేలే జరిగింది, నా ఆరోగ్యం ఈ భారానికి సరిపోని సమయంలో ఇంత కష్టపెట్టారనే ఒక్కటే విచారం అని రాశారు. ఆ వాక్యాన్ని ఎవరూ పెద్దగా ఉదహరించరు. ‘కామా కూడా మార్చను’ పోస్టర్ల మీద కనిపిస్తుంది. ఒంట్లో బాగాలేకుండా రాత్రుళ్లు కూర్చుని రాసిన మనిషి మాత్రం ఆ చివరి వాక్యంలోనే దొరుకుతాడు.

సభ రద్దయింది, ప్రసంగం మిగిలింది. దాన్ని ఆయన సొంత ఖర్చుతో బొంబాయిలో అచ్చు వేయించి, దాదర్‌లోని తన ఇల్లు రాజగృహ చిరునామాతో, 1936 మే 15 తేదీ వేసిన ముందుమాటతో జనం ముందు పెట్టారు. 1,500 ప్రతులు, వెల ఎనిమిది అణాలు. ఆ ముందుమాటలోనే పైన చెప్పిన ఉత్తరాలన్నీ, ఇటువి అటువి, ఉన్నవి ఉన్నట్టుగా అచ్చేశారు. ఇలాంటి సభకు నన్ను అధ్యక్షుడిగా సవర్ణులు పిలవడం నా జీవితంలో ఇదే మొదటిసారి, అది విషాదంగా ముగిసినందుకు చింతిస్తున్నాను అని రాసి, అంతటితో ఆగకుండా కారణం కూడా చెప్పారు. సంస్కరణ కోరే సవర్ణులకు తమలోని సనాతనుల్ని దూరం చేసుకోవాలని లేదు, ఆత్మగౌరవం ఉన్న అంటరానివాళ్లకు సంస్కరణ జరిగి తీరాలని పట్టుబట్టడం తప్ప వేరే దారి లేదు, ఇలాంటి సంబంధం నుంచి ఇంకేం ఆశించగలం అని. తొంభై ఏళ్ల కిందటి వాక్యం. మన యూనివర్సిటీల్లో, పార్టీ ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో ఆ సంబంధం ఇవాళ్టికీ ఎలా నడుస్తోందో మీకు తెలుసు.

మొదటి ముద్రణ అంటే ఇదీ: ముందుమాట, ఉత్తరాలు, సభలో చదవని ప్రసంగం. అంతే.

రెండు నెలల్లో 1,500 ప్రతులూ అయిపోయాయి. ఇది అంబేద్కరే రెండో ముద్రణ ముందుమాటలో చెప్పిన సంగతి. ఇవి ఎందుకు దొరకవు అని చాలామంది అడుగుతుంటారు, నిషేధించారా, తగలబెట్టారా అని. మతం మీద వివాదం రేపిన పుస్తకాలు చాలా అలాగే అరుదైపోయాయి, నిజమే. 1553లో మైకేల్ సెర్వెటస్ క్రైస్తవ సిద్ధాంతాన్ని ప్రశ్నిస్తూ రాసిన గ్రంథం కోసం ఆయన్ని జెనీవాలో సజీవంగా కాల్చేశారు, దొరికిన ప్రతులన్నీ మంటల్లో వేశారు, ఇప్పుడు లోకంలో మూడంటే మూడు మిగిలాయి. ‘యానిహిలేషన్ ఆఫ్ కాస్ట్’ కథ అది కాదు. దీన్ని చదివీ చదివీ అరగదీశారు. పెద్ద అట్ట పుస్తకం కాదు, ఎనిమిది అణాల చిన్న పుస్తకం. జేబులో, సంచిలో, చేతులు మారుతూ తిరిగింది. కొన్నవాళ్లలో ఎక్కువమందికి గాజు బీరువాలు లేవు, చాలామందికి వాన కురవని ఇల్లు కూడా లేదు. ఒకరు కొంటే పదిమంది చదివిన పుస్తకం పాతికేళ్లు నిలవడమే గొప్ప.

1944 ముద్రణ ఒకటి గుంటూరు వైపు ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో చూశాను. వాళ్ల నాన్నగారిదట. స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి చుట్టూ కాగితం గోధుమరంగు తిరిగింది, పేజీ తిప్పితే మూల పెళుసుగా విరిగి చేతిలోకి వచ్చేస్తుంది, ఆయన నన్ను తిప్పనివ్వలేదు, తనే ఒక స్కేలు కింద పెట్టి నెమ్మదిగా తిప్పారు. చక్వారా గ్రామం గురించి ఉన్న చోట అంచున పెన్సిల్‌తో తెలుగులో రెండే మాటలు: ‘మన ఊళ్లో చెప్పులు’.

ఆ చక్వారా సంగతి చదవనివాళ్ల కోసం చెబుతాను. జైపూర్ సంస్థానంలో ఒక పల్లె. తీర్థయాత్ర చేసి తిరిగొచ్చిన ఒక అంటరాని మనిషి, పుణ్యం కోసం తనవాళ్లకు భోజనాలు పెట్టుకున్నాడు. మంచి భోజనం పెట్టాలని నెయ్యి కూడా వడ్డించాడు. అందరూ తింటూ ఉండగా వందలమంది సవర్ణులు లాఠీలతో వచ్చిపడి అన్నం నాశనం చేసి, తింటున్నవాళ్లను బాదారు. విస్తళ్లు వదిలేసి ప్రాణాలు దక్కించుకుని పరిగెత్తారు. తప్పేమిటంటే నెయ్యి వడ్డించడం, నెయ్యి తినడం. డబ్బుండి కొనుక్కున్న నెయ్యి. నెయ్యి గొప్పతనానికి గుర్తు, అది అంటరానివాళ్ల విస్తట్లో కనిపిస్తే సవర్ణుల హోదాకు అవమానం అని వాళ్ల వాదన. మాస్టారి నాన్నగారికి దాన్ని చదవగానే చెప్పులు గుర్తొచ్చాయి. పెద్దవీధి దాటేదాకా చేత్తో పట్టుకుని నడవాల్సిన చెప్పులు. రాజస్థాన్‌లో నెయ్యి, గుంటూరు దగ్గర చెప్పులు, రెంటికీ మధ్య దూరం ఆ పెన్సిల్ గీతంత.

మొదటి ముద్రణ ఎందుకు వేరే పుస్తకం అంటున్నానో ఇక్కడే తెలుస్తుంది. 1936లో ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడికి చక్వారా చరిత్ర కాదు, నిన్నమొన్న పేపర్లో చూసిన వార్త. గుజరాత్‌లోని కవిఠాలో పిల్లల్ని బడికి పంపినందుకు అంటరానివాళ్లను వెలివేసి వేధించిన సంగతి, అహ్మదాబాద్ జిల్లా జానూలో ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నారని కొట్టిన సంగతి, ఇవన్నీ అప్పటికి ఏడాది కూడా కాని వార్తలు. ఆ వార్తల్ని ఒక్కొక్కటీ ముందు పెట్టి, రాజకీయ సంస్కరణ కావాలనేవాళ్లను ఆయన నేరుగా అడుగుతారు, మీ దేశంలోనే ఇంత పెద్ద వర్గాన్ని బడిలోకి రానివ్వని మీరు, నచ్చిన నగ తొడుక్కోనివ్వని మీరు, నచ్చిన తిండి తిననివ్వని మీరు రాజ్యాధికారానికి అర్హులేనా అని. ఆ ప్రశ్న గాంధీని అడిగింది కాదు. ఎదురుగా కుర్చీల్లో కూర్చోవాల్సిన లాహోర్ సంస్కర్తల్ని అడిగింది. వాళ్లు కుర్చీలు తీసేశారు కాబట్టి చదివే ప్రతివాడూ ఆ కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఈ పుస్తకం మన చేతికి వచ్చేసరికి ‘అంబేద్కర్-గాంధీ చర్చ’గా తయారై వస్తోంది. సిలబస్‌లో అలాగే ఉంటుంది, సెమినార్లలో అలాగే పేపర్లు చదువుతారు, టీవీ చర్చలోనూ అంతే. ఇద్దరు మహానుభావుల మధ్య అభిప్రాయభేదం అనగానే చదివేవాడు హాయిగా గ్యాలరీలోకి వెళ్లి కూర్చుంటాడు, ఇటు కొన్ని మార్కులు, అటు కొన్ని మార్కులు. ప్రసంగం మాత్రం చదివేవాణ్ని గ్యాలరీలో కూర్చోనివ్వదు. నువ్వేం చేస్తావు అని అడుగుతుంది. సహపంక్తి భోజనాలు చాలవు, వర్ణాంతర వివాహాలే అసలు మందు, కానీ ఆ మందు జనం ఎందుకు మింగడం లేదో కారణం శాస్త్రాల్లో ఉంది, ఆ శాస్త్రాల పవిత్రత మీద నమ్మకం పోగొట్టకుండా పెళ్లిళ్లు జరగవు అని మెట్టు మెట్టుగా తీసుకెళుతుంది. చివరికి వేదాలకూ శాస్త్రాలకూ డైనమైట్ పెట్టాల్సిందే అనే చోటికి వస్తుంది. లాహోర్‌వాళ్లు భయపడింది ఆ చోటు దగ్గరే.

అదే ప్రసంగంలో కూల్చే మాటలతో పాటు కట్టే మాటలూ ఉన్నాయి, వీటిని తెలుగులో మనం అసలు చర్చించం. హిందువులందరూ ఒప్పుకునే ఒకే ఒక ప్రామాణిక గ్రంథం ఉండాలి. పౌరోహిత్యం పుట్టుకతో రాకూడదు, ప్రభుత్వం పరీక్ష పెట్టి సనదు, అంటే అధికార పత్రం, ఇవ్వాలి, సనదు లేనివాడు చేయించిన కర్మ చట్టం ముందు చెల్లకూడదు. పురోహితుల సంఖ్యను ఐసీఎస్ అధికారుల సంఖ్యలా చట్టంతో పరిమితం చేయాలి. హిందూమతం నుంచి వెళ్లిపోతున్నాను అని చెప్పేసిన మనిషి, ఉండిపోయేవాళ్ల కోసం ఇంత వివరంగా కూర్చుని ఆలోచించాడు. ద్వేషంతో రాసిన పుస్తకం అనేవాళ్లు ఈ పేజీలు ఒకసారి తిరగేయాలని నా కోరిక.

గాంధీకి అన్యాయం చేయాలని కాదు. 1936 జులై 11, 18 తేదీల తన ‘హరిజన్’ పత్రికలో ఆయన ఈ పుస్తకం గురించి రాశారు, ఆహ్వాన సంఘం చేసింది తప్పని సూటిగా అన్నారు, ఏ సంస్కర్తా ఈ ప్రసంగాన్ని పక్కన పెట్టలేడు, సనాతనులు కూడా చదివితే లాభపడతారు అన్నారు. డాక్టర్ అంబేద్కర్ తనను మరిచిపోనిచ్చే మనిషి కాదు అని కూడా రాశారు. నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. ఎనిమిది అణాలు ఎక్కువ, రెండు అణాలకు తగ్గించండి, పోనీ నాలుగు అణాలైనా చేయండి అని సలహా ఇచ్చారు. ఎక్కువమంది చదవాలనే కదా ఆ మాట. ఆ రోజుల్లో ఇంతకంటే పెద్ద ప్రచారం ఈ పుస్తకానికి ఇంకెవరూ చేసి ఉండరు.

కానీ అసలు వాదన దగ్గరికి వచ్చేసరికి గాంధీ, కులానికీ మతానికీ సంబంధం లేదు, వర్ణం అంటే తాతముత్తాతల వృత్తిని అనుసరించడమే, మతాన్ని దాని చెడ్డ నమూనాలతో కాక చైతన్యుడు, జ్ఞానదేవుడు, తుకారాం, తిరువళ్లువర్, వివేకానందుడు లాంటి గొప్పవాళ్లతో కొలవాలి అన్నారు. అంబేద్కర్ జవాబులో ఒక్కొక్కటీ విప్పారు. దేవుడి దృష్టిలో మనుషులంతా సమానం అన్న సాధువులు, మనుషులు మనుషులతో సమానం అని కులం మీద పోరాడలేదు అన్నారు. బనియా కులంలో పుట్టిన మీరే తాతల వృత్తి చేయలేదు కదా అని కూడా అడిగారు. సంత్ రామ్ కూడా గాంధీకి ఉత్తరం రాశాడు, మీరు చెప్పే వర్ణవ్యవస్థ ఆచరణలో కుదిరేది కాదని. సభ రద్దు చేసుకున్న సంఘం కార్యదర్శి చివరికి నిలబడిన వైపు ఇది, ఆయన పక్షాన చెప్పాల్సిన మాట.

ఇవన్నీ చేర్చి, ‘విత్ ఎ రిప్లై టు మహాత్మా గాంధీ’ అనే తోకతో 1937లో రెండో ముద్రణ వచ్చింది. హిందువులు ఈ దేశపు రోగులనీ, వాళ్ల జబ్బు మిగతా భారతీయుల ఆరోగ్యానికీ సుఖానికీ ప్రమాదం తెస్తోందనీ వాళ్లకు తెలిసేలా చేయగలిగితే చాలు, నాకదే తృప్తి అనే ప్రసిద్ధమైన మాట ఆ రెండో ముద్రణ ముందుమాటలోది, మొదటిదాంట్లోది కాదు. 1944 డిసెంబర్‌లో మూడోది. ‘క్యాస్ట్స్ ఇన్ ఇండియా’ అనే తన 1917 నాటి వ్యాసాన్ని దీనితో కలిపి తిరగరాయాలనుకున్నాననీ, తీరిక దొరక్క రెండో ముద్రణనే ఉన్నదున్నట్టు వేస్తున్నాననీ ఆయనే చెప్పుకున్నారు. అప్పటి నుంచి జలంధర్ భీమ్ పత్రిక వాళ్ల ప్రతులైనా, 1979లో వసంత్ మూన్ సంపాదకత్వంలో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల మొదటి సంపుటమైనా, అన్నింటికీ మూలం ఈ పెరిగిన పుస్తకమే. ఒంటరిగా నిలబడిన ఆ మొదటి పుస్తకం 1,500 ప్రతుల దగ్గరే ఆగిపోయింది.

నా మాట ఒక్కటే. ఈ పుస్తకం మొదటిసారి చదివేవాళ్లు 1936లో చదివినట్టు చదవాలి. ముందు ఉత్తరాలు, తర్వాత ప్రసంగం, అక్కడ ఆపేయాలి. కనీసం వారం రోజులు గాంధీ పేజీలు తెరవకూడదు. కాలేజీలో పాఠం చెప్పేవాళ్లకు ఇది ఇంకా గట్టిగా చెబుతాను. పిల్లలకు మొదట ‘చర్చ’ అని చెప్పేస్తే వాళ్లు జీవితాంతం దాన్ని చర్చగానే చూస్తారు.

మన సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. రెండో ముద్రణ ముందుమాటలో అనువాదాల లెక్క ఉంది. గుజరాతీ, తమిళం అప్పటికే అయిపోయాయి. మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం జరుగుతున్నాయి. అందులో తెలుగు పేరు లేదు. అప్పటికి కోస్తా, రాయలసీమ, తమిళనాడు అన్నీ ఒకే మద్రాసు రాష్ట్రం, తమిళంలోకి ఏడాది తిరక్కుండా వెళ్లిన పుస్తకం పక్కనే ఉన్న మన భాష దగ్గర ఆగింది. తర్వాత ‘కుల నిర్మూలన’గా తెలుగులో చాలాసార్లు వచ్చింది, బస్టాండు పుస్తకాల కొట్లలో కూడా దొరుకుతోంది, అది గొప్ప విషయం. అయినా ఆ ఆలస్యం నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. మాస్టారి నాన్నగారిలా ఇంగ్లీషు చదువుకున్న కొద్దిమంది టీచర్లు, రైల్వే ఉద్యోగులు, మిషన్ స్కూళ్లలో చదివినవాళ్లు ఇంగ్లీషు ప్రతినే పట్టుకుని, వాడలో కూర్చోబెట్టి నోటితో తెలుగు చేసి చెప్పాల్సి వచ్చింది.

అందుకే ఈ పోస్టు చదివేవాళ్లకు ఒక పని చెబుతున్నాను. మీ ఇంట్లో తాతగారి ట్రంకుపెట్టె ఉంటే, అందులో పాత ఇంగ్లీషు అంబేద్కర్ పుస్తకం ఉంటే, ముందు పేరున్న పేజీ చూడండి. ‘రిప్లై టు మహాత్మా గాంధీ’ అని ఉంటే అది 1937 గానీ, ఆ తర్వాతది గానీ. గాంధీ వ్యాసాలు ఎక్కడా లేకుండా, ముందుమాట కింద 1936 మే 15 తేదీ ఒక్కటే ఉండి, ఇంకో ముందుమాటేదీ లేకపోతే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. ఈమధ్య ఎవరో ప్రసంగం వరకే మళ్లీ అచ్చేసిన ప్రతి కూడా కావచ్చు కాబట్టి అచ్చు వేసిన ప్రెస్ పేరు, వెల, కాగితం మూడూ చూడాలి.

ఏది దొరికినా సరే సెల్లోటేపు వేయొద్దు, ల్యామినేషన్ అసలే వద్దు, చిరిగిన చోట జిగురు పూయొద్దు. తుప్పుపట్టిన పిన్నుల్ని మీరే లాగొద్దు, కాగితం కూడా ఊడొస్తుంది. అట్ట మీద, లోపలి పేజీల్లో ఎవరి సంతకం ఉన్నా, ఏ లైబ్రరీ స్టాంపు ఉన్నా, అంచున పెన్సిల్ రాత ఉన్నా, శుభ్రం చేస్తున్నామని చెరిపేయకండి, ఎవరు చదివారో చెప్పే ఆధారం అదొక్కటే. ఫోన్‌తో పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరవకుండా ఒక్కో పేజీ ఫొటో తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి, పెట్టడం రాకపోతే కామెంట్‌లో చెప్పండి, నేను కూర్చుని చేసిపెడతాను. అసలు ప్రతి మీ ఇంట్లోనే ఉంచుకోండి. ఎవరైనా ఎక్కువ డబ్బు ఇస్తామని ఫోన్ చేస్తే, ఫొటోలు పూర్తయ్యేదాకా ఒప్పుకోకండి.